ఇంటి వెనక గుట్ట ఎక్కాం, మా ఇల్లే కనిపించలేదు. దిగేసరికి చీకటి

గుట్టకిందిల్లు | నవంబరు 22, రాత్రి 10:15

మా ఇంటి వెనక ఒక గుట్ట ఉంది. ఈ ఇంట్లోకి వచ్చి 11 ఏళ్లయింది, ఒక్కసారి కూడా పైదాకా ఎక్కలేదు. రోజూ పళ్లు తోముకుంటూ చూస్తాను, అంతే. ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా.

మొన్న నాన్న వచ్చారు. రెండో రోజే "పైనుంచి చూస్తే మనిల్లు కనిపిస్తుందా?" అని అడిగారు. తెలీదన్నాను. ఒక చూపు చూశారు. ఆ చూపుకే ఇవాళ బయల్దేరాం.

బయల్దేరేసరికి 3:40. మ్యాపులో చూస్తే బాట 2.5 కిలోమీటర్లు, పైన వ్యూ పాయింట్ మా వీధికంటే 225 మీటర్ల ఎత్తు. ఎక్కడానికి గంట, దిగడానికి ముప్పావుగంట, చీకటి పడేలోపు ఇంట్లో ఉంటాం అనుకున్నాను. సూర్యాస్తమయం 5:35 అని ఫోన్ చెప్పింది.

ఎక్కేటప్పుడు చాలా బాగుంది. వానలు పోయి చాలా రోజులైంది, నడుమెత్తు గడ్డి అంతా ఎండి రాగిరంగుకు తిరిగింది. గాలి వస్తే గలగలమంటుంది. నాన్నకు 68. మలుపు మలుపుకీ ఆగారు. ఆయాసం వల్ల కాదు, ప్రతిదీ చూడాలి ఆయనకి. ఒక పుట్ట దగ్గరే పది నిమిషాలు పోయాయి.

పైకి చేరేసరికి 5:20. పైన ఇంకా ఎండ ఉంది. కింద మాత్రం పొగలాంటిది ఒకే మట్టంలో, గీత గీసినట్టు పరుచుకుని ఉంది. గీతకి పైన దూరంగా ఉన్న కొండలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. గీత కింద ఉన్న ఇళ్లు మసక. నాన్న ఒక డాబా చూపించి అదే మనిల్లు అన్నారు. నేను ఇంకోటి చూపించాను. తేలలేదు.

5:45కి దిగడం మొదలుపెట్టాం. పది నిమిషాల్లో బాట కనపడడం మానేసింది. తడి ఆకుల మీద నాన్న జారి కూర్చుండిపోయారు. అరచేయి గీరుకుంది, అంతకుమించి ఏం కాలేదు, బతికిపోయాం. నా ఫోన్‌లో 18 శాతం బ్యాటరీ. ఒక చేత్తో ఫోన్ లైటు, ఇంకో చేత్తో నాన్న. ఇల్లు చేరేసరికి 7:05. ఆ గంటా ఇరవై నిమిషాలు పడ్డ టెన్షన్ నాకే తెలుసు.

అస్తమయం 5:35 అయితే అంత తొందరగా ఎందుకు చీకటైంది? ఆ పొగ గీత ఏమిటి? వానల్లేవు కదా, ఆకులు ఎందుకు తడిగా ఉన్నాయి? ముఖ్యంగా, ఇల్లు కనపడాలంటే ఎప్పుడు వెళ్లాలి? నాన్న ఇంకో పది రోజులుంటారు.

---

చెప్పుల్లేనికాలం | నవంబరు 22, రాత్రి 10:41

ఇంటెనక గుట్టకి ఇంత పురాణమా? మేం చిన్నప్పుడు బడి వదలగానే చెప్పుల్లేకుండా ఎక్కి, చీకట్లోనే దిగేవాళ్లం. ఫోనూ లేదు, మ్యాపూ లేదు.

---

మోకాలుచిప్ప | నవంబరు 22, రాత్రి 10:58

చెప్పుల్లేనికాలం గారూ, అప్పుడు మీకు 68 ఏళ్లు లేవు కదండీ.

---

లెక్కలమాస్టారు | నవంబరు 23, ఉదయం 6:12

టైము సంగతి నేను చెప్తాను. 1892లో విలియం నైస్మిత్ అని స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క పెట్టాడు, ఇప్పటికీ వాడతారు. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున దూరం, దాని మీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అంటే వంద మీటర్లకు 10 నిమిషాలు అదనం. మీ 2.5 కిలోమీటర్లకు 30 నిమిషాలు, 225 మీటర్లకు ఇంకో 22. మొత్తం 52. మీరు గంట అనుకోవడం తప్పేమీ కాదు.

కానీ అది ఆరోగ్యంగా ఉన్నవాడు ఎక్కడా ఆగకుండా నడిస్తే. పుట్టల దగ్గర ఆగేవాళ్లు అందులో లేరు. మీకు పట్టింది 100 నిమిషాలు, దాదాపు రెట్టింపు. ఇకమీదట అదే మీ లెక్క. నైస్మిత్‌ది పక్కన పెట్టి "నాన్నగారి లెక్క" అని రాసుకోండి. ఎవరితో నడుస్తున్నామో వాళ్ల వేగమే లెక్క, మన వేగం కాదు.

---

చలిమంట | నవంబరు 23, ఉదయం 7:30

గుట్ట మీ ఇంటికి ఏ వైపుంది?

---

గుట్టకిందిల్లు | నవంబరు 23, ఉదయం 8:05

దక్షిణం. మా వీధి చివర నుంచే బాట మొదలవుతుంది.

మాస్టారూ, నాన్నకి చదివి వినిపించాను. "పుట్టలో ఏముందో చూడకపోతే ఎందుకు ఎక్కడం" అన్నారు.

---

చలిమంట | నవంబరు 23, ఉదయం 8:40

అనుకున్నా. అయితే మీరు ఎక్కింది ఉత్తరపు వాలు. మీ చీకటికీ, తడి ఆకులకీ రెండిటికీ కారణం అదే.

ఈ రోజుల్లో సూర్యుడు బాగా దక్షిణానికి వాలి నడుస్తాడు. సాయంత్రం నైరుతి వైపు దిగుతాడు. అంటే మీ గుట్టే సూర్యుడికి అడ్డం. ఫోన్‌లో చూపించే 5:35 చదునైన నేల మీద దిగంతం కనిపించేవాడికి. ఉత్తరపు వాలు మీదున్నవాడికి అరగంట, ముప్పావుగంట ముందే ఎండ పోతుంది. మీరు ఎక్కుతున్నప్పుడే చివరి భాగం నీడలో ఉండి ఉండాలి, గమనించారా? పైకొచ్చేసరికి మళ్లీ ఎండ తగిలి, ఇంకా బోలెడు పొద్దుందని అనిపించి ఉంటుంది. పైన నిలబడ్డవాడికి తెలిసే వెలుతురు వేరు, బాట మీది వెలుతురు వేరు.

తడి కూడా అంతే. రాత్రి కురిసిన మంచు దక్షిణపు వాలు మీద తొమ్మిదింటికల్లా ఆరిపోతుంది. ఉత్తరపు వాలు మీద చెట్ల కింద సాయంత్రం దాకా ఆరదు, మళ్లీ రాత్రి మంచు పడుతుంది. వానలు పోయినా ఆకుల కింద జారుడే. పైపొర గలగలలాడుతూ ఉంటుంది, కాలేస్తే కిందపొర జారుతుంది. మోసం అంతా అక్కడే.

---

గుట్టకిందిల్లు | నవంబరు 23, ఉదయం 9:02

అచ్చంగా అంతే జరిగింది. పైన ఎండ చూసి పాతిక నిమిషాలు కూర్చున్నాం, టైముందిలే అని.

---

పొద్దువాలింది | నవంబరు 23, మధ్యాహ్నం 1:20

ఒక చిన్న మాట. అతి చిన్న పగలు డిసెంబరు 21, 22 ప్రాంతంలో కదా అని, పొద్దు కూడా ఆ రోజే అన్ని రోజులకంటే ముందు కుంకుతుందనుకుంటాం. కాదు. ఉత్తరార్ధగోళంలో అతి తొందరగా సూర్యుడు అస్తమించే రోజు అంతకుముందే వచ్చేస్తుంది. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరు 7, 8 ప్రాంతంలో. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఇంకా ముందుకు జరుగుతుంది. భూమి కక్ష్య పూర్తి గుండ్రం కాకపోవడం, ఇరుసు ఒరిగి ఉండడం, ఈ రెండిటివల్ల గడియారానికీ సూర్యుడికీ కొద్దిగా పొత్తు కుదరదు. అందుకే శరత్తు చివర సాయంత్రాలు మనకి తెలీకుండానే కురచవుతాయి. నెల క్రితం సరిపోయిన టైము ఇప్పుడు సరిపోదు.

---

మబ్బులమీద | నవంబరు 23, సాయంత్రం 4:45

ఆ పొగ గీత సంగతి. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాలి, సగటున కిలోమీటరుకి 6.5 డిగ్రీలు. మీ గుట్టకి ఆ లెక్కన ఒకటిన్నర డిగ్రీ తేడా. కానీ ఆకాశం తేటగా ఉండి, గాలి లేని సాయంత్రం పొద్దు వాలగానే నేల గబగబా వేడి వదిలేస్తుంది. నేలనంటుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, వాలు వెంట నీళ్లలా జారి పల్లంలో చేరుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలాగా కూర్చుంటుంది. కింద పుట్టిన పొగ, దుమ్ము ఆ మూత దాటి పోలేవు. మీరు చూసిన గీత ఆ మూత అంచు. దిగుతున్నప్పుడు ఒకచోట ఉన్నట్టుండి చలి ఎక్కువైందా?

తెల్లవారుజామున అదే చోట పొగమంచు చేరుతుంది. ఇల్లు కనపడదు గానీ, ఒక్కసారైనా చూడాల్సిందే. మేం ఒకసారి చూశాం. సూర్యుడు వీపు వెనక, ఎదురుగా కింద పొగమంచు. దాని మీద మా నీడలు పడ్డాయి, ఇంతింత పొడుగున. తల చుట్టూ రంగురంగుల వలయాలు. పక్కనున్న మా ఆయన వలయం తన తల చుట్టే ఉందంటారు, నేను నా తల చుట్టే అంటాను. కాసేపు వాదించుకున్నాం. తర్వాత చదివితే తెలిసింది, ఎవరి వలయం వాళ్లకే కనిపిస్తుందట. మంచు బిందువుల నుంచి వెలుగు సూర్యుడి వైపే వెనక్కి తిరిగి వస్తుంది, అందుకని మన కళ్లకి మన తల చుట్టే. జర్మనీలో బ్రోకెన్ అని 1,141 మీటర్ల శిఖరం ఉంది, ఈ నీడని దాని పేరుతోనే పిలుస్తారు.

---

గుట్టకిందిల్లు | నవంబరు 23, సాయంత్రం 5:10

అవునండీ, చివరి మలుపు తిరగగానే చలి మొహానికి కొట్టింది. భయంవల్ల అనుకున్నాను.

---

రంగులరాట్నం | నవంబరు 23, రాత్రి 8:25

ఫొటోలు పెట్టండి బాబూ! ఇంకో మాట, కొన్ని ప్రాంతాల్లో ఈ టైముకి కొండలన్నీ ఎర్రగా మండుతున్నట్టు ఫొటోలు వస్తాయి. మీ గుట్ట రాగిరంగు అన్నారు, మా దగ్గరైతే ఉత్త పసుపు. ఎందుకిలా?

---

చలిమంట | నవంబరు 23, రాత్రి 9:15

పసుపు ఆకులో ముందునుంచీ ఉంటుంది, పత్రహరితం కింద దాక్కుని. పగళ్లు కురచయ్యాక చెట్టు పత్రహరితాన్ని విరిచి లోపలికి లాక్కుంటుంది, దాగున్న పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, ఆ టైములోనే ఆకు కొత్తగా తయారుచేసుకుంటుంది, ఆకులో మిగిలిన చక్కెరతో. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు బాగా తేలుతుంది. అన్ని చెట్లూ ఎరుపు చేసుకోలేవు. ఇక గడ్డి సంగతి వేరు, అది ఎండిపోవడమే. చలికంటే నీళ్లు లేకపోవడం దాని కథ.

---

గుట్టకిందిల్లు | నవంబరు 24, రాత్రి 9:30

అప్‌డేట్. నిన్న బాగానే ఉన్న నాన్న ఇవాళ మెట్లు దిగలేకపోతున్నారు. ఎక్కుతున్నారు, దిగలేరు. తొడలు పట్టేశాయంట. ఒకరోజు గడిచాక నొప్పి పెరగడమేమిటి? దెబ్బేమైనా తగిలిందా అని భయంగా ఉంది.

---

మోకాలుచిప్ప | నవంబరు 24, రాత్రి 9:52

వాపు, కీలు దగ్గర పోటు, ఒక కాలికే నొప్పి ఇలాంటివి ఉంటే డాక్టరుకి చూపించండి. రెండు తొడలూ ఒకేలా పట్టేస్తే అది దిగుడు నొప్పి అయ్యుంటుంది.

ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. ఆయాసం వస్తుంది గానీ కండరానికి పెద్ద హాని ఉండదు. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువు ఆపాలి, బ్రేకులాగా. అలవాటు లేని కండరంలో అప్పుడే సన్నని చిరుగులు పడతాయి. ఆ నొప్పి మర్నాటి నుంచి మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, తర్వాత దానంతటదే పోతుంది. పడుకోబెట్టేయకండి, ఇంట్లో మెల్లగా తిరగనివ్వండి. విశేషమేమిటంటే ఒకసారి ఇలా అయ్యాక మళ్లీ కొద్ది వారాల్లో దిగితే ఇంత నొప్పి రాదు, కండరం గుర్తుపెట్టుకుంటుంది.

దిగేటప్పుడు చిన్న అడుగులు, మోకాళ్లు కొంచెం వంచి, పాదం మొత్తం ఆనించాలి. మడమ పొడిచి దిగితే ఆకుల మీద జారడం ఖాయం. రెండు చేతికర్రలుంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది.

---

చెప్పుల్లేనికాలం | నవంబరు 24, రాత్రి 10:10

కర్రలెందుకండీ, చేతులు ఖాళీగా ఉంటేనే పడ్డప్పుడు ఆనుకోగలం.

---

మోకాలుచిప్ప | నవంబరు 24, రాత్రి 10:14

పడకుండా ఉండడానికే కర్రలు. సరే, ఒకటి చాలు. రెండో చెయ్యి మీ మాట కోసం వదిలేద్దాం.

---

చుక్కలకింద | నవంబరు 25, రాత్రి 11:05

చీకట్లో దిగడం తప్పే అనను. నేను కావాలనే చీకటి పడ్డాక దిగుతాను. నవంబరు చివర్లో పొద్దుగూకగానే తూర్పున పిల్లలకోడి, అదే కృత్తిక చుక్కల గుంపు, వచ్చేస్తుంది, గుట్ట మీది నుంచి చూస్తే దాని అందమే వేరు. కానీ తలకి కట్టుకునే లైటు ఉండాలి. చేతిలో పట్టుకునే ఫోన్ లైటు పనికిరాదు. చలికి ఫోన్ బ్యాటరీ ఇంకా తొందరగా పడిపోతుంది, 18 శాతం చూపించినా నమ్మడానికి లేదు. పైగా చేతిలో లైటు పట్టుకుంటే పడ్డప్పుడు ముందు లైటే పోతుంది.

---

గుట్టకిందిల్లు | నవంబరు 27, రాత్రి 8:40

నాన్న కాళ్లు సర్దుకున్నాయి. మళ్లీ గుట్ట ఎక్కనని మాత్రం తేల్చేశారు. కానీ ఇల్లు కనిపిస్తుందా లేదా అన్నది తేలాలంట. "నువ్వు ఎక్కు, నేను డాబా మీద నిలబడతా" అంటున్నారు. చెయ్యి ఊపుతారంట. అంత దూరం నుంచి చెయ్యి ఎలా కనపడుతుంది? గుట్ట పైభాగం నుంచి మా ఇంటికి గీత గీస్తే కిలోమీటరున్నర ఉంటుంది.

---

లెక్కలమాస్టారు | నవంబరు 28, ఉదయం 6:05

చెయ్యి కనపడదు. దూరం చూడడం కంటే దూరాన చిన్నదాన్ని గుర్తుపట్టడం కష్టం. 225 మీటర్ల ఎత్తు నుంచి చదునైన నేల మీద దిగంతం దాదాపు 54 కిలోమీటర్ల దూరం. మీటర్లలో ఎత్తుకి వర్గమూలం తీసి 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 225కి వర్గమూలం 15, నోటితోనే చెయ్యొచ్చు. అంత దూరం చూడగలిగే చోట నిలబడి ఇంట్లోవాళ్ల చెయ్యి మాత్రం చూడలేం.

---

చెప్పుల్లేనికాలం | నవంబరు 28, ఉదయం 7:20

అద్దం.

మేం చిన్నప్పుడు గుట్ట మీది నుంచి కింద పొలంలో ఉన్న మావాళ్లకి అద్దం ముక్కతో తళుక్కుమనిపించేవాళ్లం. మీ గుట్ట దక్షిణాన ఉందన్నారు కదా, ఈ కాలం సూర్యుడూ అటే. పొద్దున పదింటికి నాన్నగారు డాబా మీద గుట్టకి ఎదురుగా నిలబడి అద్దం పట్టుకుంటే చాలు. సూటి కుదరడానికి ఒక చిట్కా: ఎడమ చెయ్యి చాచి, రెండు వేళ్లు విడదీసి, వేళ్ల సందులో గుట్ట కొస కనపడేలా పట్టుకోవాలి. కుడి చేత్తో అద్దం కంటి పక్కన పెట్టి తిప్పుతూ, వెలుగు మచ్చ ఆ వేళ్ల మీద పడేలా చూసుకోవాలి. వేళ్ల మీద పడితే గుట్ట మీద పడ్డట్టే. అద్దంలోకి, సూర్యుడి వైపు మాత్రం చూడొద్దని చెప్పండి. రోడ్డు మీద బండ్ల వైపు తిప్పొద్దని కూడా.

---

లెక్కలమాస్టారు | నవంబరు 28, ఉదయం 7:48

శభాష్. దీనికి లెక్క కూడా ఉంది. సూర్యబింబం మనకి అర డిగ్రీ వెడల్పుంటుంది కాబట్టి అద్దం వెలుగు కూడా అంతే విప్పారుతుంది. కిలోమీటరున్నర దూరంలో ఆ వెలుగు దాదాపు 14 మీటర్ల మచ్చ. అరచేతంత అద్దమైనా చాలు, గురి తప్పితే మాత్రం ఏమీ కనపడదు. గుట్టకిందిల్లు గారు కదలకుండా ఒకేచోట నిలబడాలి, నాన్నగారు మెల్లగా అటూ ఇటూ తిప్పాలి.

---

మబ్బులమీద | నవంబరు 28, ఉదయం 9:30

పదింటికి వెళ్లడమే మంచిది. ఎండ తగిలి ఆ మూత లేచిపోవాలి, పొగమంచు విడిపోవాలి. రాత్రి ఒక జల్లు పడితే ఇంకా మంచిది, గాలి కడిగినట్టుంటుంది. పైగా ఆ టైముకి ఎండ మీ వీపు వెనక నుంచి వచ్చి ఇళ్ల మీద పడుతుంది. మొన్న సాయంత్రం అంత మసకలో ఏం చూస్తారు పాపం.

---

గుట్టకిందిల్లు | నవంబరు 30, మధ్యాహ్నం 1:15

వెళ్లొచ్చాను. 8:20కి బయల్దేరాను, ఒక్కణ్ణే, చేతికర్రతో. పైకి 58 నిమిషాలు. నైస్మిత్ కంటే 6 నిమిషాలు ఎక్కువ, ఆ 6 నిమిషాలూ పుట్ట దగ్గరే పోయాయి. ఆగకపోతే నాన్న అడుగుతారని ఆగాను.

పైన చాలాసేపు ఏమీ కనపడలేదు. కింద పొగమంచు ముక్కలు ముక్కలుగా విడిపోతోంది. 9:50కి ఫోన్ చేశాను. నాన్న డాబా మీదే ఉన్నారు, బాత్రూంలో అద్దం ఊడదీసి పట్టుకుని. ఊడదీశారని మా ఆవిడ తర్వాత చెప్పింది. "వేళ్ల మీద పడింది, కనిపిస్తోందా?" అంటారు. లేదంటాను. "ఇప్పుడు?" లేదు. ఇలా పావుగంట. మధ్యలో ఎదురింటి గోడ మీద, వాళ్ల నీళ్లట్యాంకు మీద అన్నిటిమీదా వెలుగేశారంట.

అప్పుడు తళుక్కుమంది. పగలే ఒక నక్షత్రం వెలిగినట్టు, కళ్లు చిట్లించేంత. ఆరిపోయింది. మళ్లీ వెలిగింది. మొన్న నేను చూపించిన డాబా కాదది. నాన్న చూపించిందీ కాదు. వాటికి బాగా ఎడమగా, రెండు చెట్ల మధ్య సగమే కనిపించే ఒక మూల. 11 ఏళ్లుగా నేను గుట్టవైపు చూస్తున్నదీ ఆ రెండు చెట్ల సందులోంచే, ఆ సంగతి పైకెక్కాక తట్టింది.

ఫోన్‌లో అరిచాను, కనిపించింది నాన్నా అని. "నాకు నువ్వు కనపడలేదురా" అన్నారు. "వచ్చేసారి నువ్వు కూడా అద్దం పట్టుకెళ్లు."

---

లెక్కలమాస్టారు | నవంబరు 30, మధ్యాహ్నం 1:40

మీరు పైనుంచి కిందికి వెయ్యాలంటే సూర్యుడు మీ వెనక ఉంటాడు, అద్దం బాగా ఏటవాలుగా పట్టాలి. కష్టం గానీ అవుతుంది. పెద్ద అద్దం తీసుకెళ్లండి.

---

చెప్పుల్లేనికాలం | నవంబరు 30, మధ్యాహ్నం 2:05

ముందు బాత్రూం అద్దం మళ్లీ బిగించండి బాబూ, ఇంట్లో గొడవైపోతుంది.